బీదర్ పోయే డబ్బా

పెళ్లి జాకెట్టు ఆగదు, చావు కూడా ఆగదు. మొగుడంపల్లి దిక్కు నుంచి వచ్చిన ఒక కోడలు పిల్ల మొన్న మా టైలరింగు షాపులో రెండు చేతులూ పక్కలకు చాపి కొలతలిస్తూ, "జర జల్ది కానియ్యక్క. మా ఊళ్ల డ్రైవరక్క సచ్చిపోయింది. మాపటికి మట్టి ఉన్నది, పోవాలె," అన్నది.

ఏ డ్రైవరక్క అని అడిగాను. తెలిసే అడిగాను. జహీరాబాదు చుట్టుపక్కల ఆ పేరుతో ఇంకో మనిషి లేదు. ఆ పిల్ల జవాబు చెబుతూనే ఉంది గాని నాకు సగం కూడా చెవికెక్కలేదు. చంక కొలత రాయాల్సిన చోట నడుము కొలత రాసుకున్నానని తరవాత తెలిసింది. ఆ జాకెట్టు ఊడదీసి మళ్లీ కుట్టాను.

డ్రైవరక్క అన్న పేరే గాని, ఆమె ఏ బండినీ నడిపిన మనిషి కాదు. సైకిలు కూడా రాదు. ముంబయి రోడ్డు మీద ఊరు దాటాక, ఇప్పుడు టైల్సు గోదాము ఉన్నచోట, ఒకప్పుడు పార్కు ఉండేది. మరీ గొప్ప పార్కేమీ కాదు. ఒక జెయింటు వీలు, పిల్లల రైలు, తొక్కే పడవలు, మక్కకంకులు కాల్చే బండి. అన్నిటికీ వెనక, రేకుల షెడ్డులో, మినీ బస్సంత తెల్లటి ఇనప డబ్బా. లోపల సీట్లు, ముందు తెర. తలుపు మూసి దీపాలార్పి సినిమా వేస్తారు. తెర మీద బండి ఎటు పడితే డబ్బా అటు ఒరుగుతుంది. కింద ఇనప కాళ్లు లేస్తూ దిగుతూ దాన్ని ఆడిస్తాయి. ఆ కాళ్లు కనబడకుండా చుట్టూ నల్ల రబ్బరు తెర వేలాడేది. అసలు పేరేదో షెడ్డు మీద ఇంగ్లీషులో రాసి ఉండేది, మేము మాత్రం ఊగే డబ్బా అనేవాళ్లం.

ఆ డబ్బా దగ్గర మనుషులను ఎక్కించి దించడం ఆమె పని. చీర మీద మగవాళ్ల ఖాకీ చొక్కా తొడిగేది, పై గుండీ పెట్టేది కాదు. మెడలో ఈల. కొంగుకు ఎప్పుడూ ఒక నిమ్మకాయ కట్టి ఉండేది, కళ్లు తిరిగేవాళ్లకు వాసన చూపించడానికి. నోరు మంచిది కాదు. లావుగా ఉన్నవాళ్లను లావుగా ఉన్నావని, తాగి వచ్చినవాణ్ని తాగి వచ్చావని మొహం మీదే అనేది. ఎక్కే ప్రతి మనిషినీ, ముసలాళ్లయినా సరే, "ఇంట్ల చెప్పొచ్చినవా?" అని అడిగేది. చెప్పలేదంటే, పోయి బయట ఉన్న ఎవరికైనా చెప్పి రమ్మనేది. మా ఆయన ఒకసారి వేళాకోళంగా, చెప్పకపోతే ఏమవుతుందని అడిగాడు.

"ఎక్కుడు మీ ఇష్టమన్నా, దిగుడు నా జిమ్మ," అన్నది.

జిమ్మ అంటే మా దగ్గర పూచీ. ఆ మాట ఆమె రోజూ ఎంతమందికి చెప్పేదో, అందరూ నవ్వేవాళ్లు.

ఇక సినిమా సంగతి. ఆ డబ్బాలో వేసేది అంతరిక్షం సినిమా. ఒక ఓడ భూమిని వదిలి పోతుంది, రాళ్లు ఎదురొస్తాయి, ఒక గుహలో దూరుతుంది, ఎర్రటి నేల మీద పడుతుంది. లోపల ఎవరో పరాయి దేశపు మగగొంతు ఏదో చెప్పేది, ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. మొదట్లో జనం బిత్తరపోయి దిగేవాళ్లట. ఈమె ఆ గొంతును తగ్గించి, తనే మైకు పట్టుకుంది. అంతరిక్షం గురించి ఆమెకేం తెలుసు? తెలిసింది బస్సు. కాబట్టి ఆ ఓడను బీదర్ బస్సు చేసింది.

"కూసున్నరా? జహీరాబాద్ టు బీదర్, మధ్యల ఏడ ఆగది. రైలు గేటు దాటుతున్నం, తలకాయలు లోపల పెట్టున్రి." ఓడ పైకి లేచేది. "ఘాటెక్కుతున్నం, జర గట్టిగ పట్టుకోన్రి." రాళ్లు ఎదురొచ్చేవి. "కోహీర్ జామకాయల లారీ బోల్త పడ్డది, ఓరి నీ డ్రైవర్ పాడుగాను." ఎర్రనేల కనబడేది. "వచ్చింది బీదర్. దిగేటోళ్లు దిగున్రి, చెప్పులు చూస్కోన్రి."

పరాయి గొంతు చెప్పినప్పుడు ఎవరూ కేక వేయలేదు. ఈమె ఘాటు అంటే మాత్రం పెద్ద మీసాలవాళ్లు కూడా పక్కవాళ్ల తొడ పట్టుకునేవాళ్లు. నేనూ పట్టుకున్నాను. ఆమె మాత్రం ఆ డబ్బాలో ఒక్కసారి కూడా కూర్చోలేదు. నిజం బస్సులోనే ఆమెకు వాంతులయ్యేవి. ఎవరైనా అడిగితే, డ్రైవర్ ఎక్కడన్నా సీటుల కూసొని పల్లీలు తింటడా అనేది.

చెప్పుల సంగతి చెప్పాలి. పార్కు తెరిచిన కొత్తలో ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు, ఎవరూ చెప్పకుండానే, డబ్బా మెట్ల కింద చెప్పులు విడిచి ఎక్కేవాళ్లట. గడప లాంటిది కనబడితే మన కాళ్లు వాటంతట అవే చెప్పులు విడుస్తాయి. పార్కు సేటు నవ్వి, ఇది గుడి కాదు తొడుక్కునే ఎక్కండి అని బోర్డు పెట్టించబోయాడు. ఆమె వద్దన్నది. తలుపు పడ్డాక, సినిమా మొదలయ్యేలోగా, కింద కూర్చొని ఆ చెప్పులన్నీ జతలు జతలుగా వరసలో పెట్టేది. ప్రతి జతనూ ముక్కు బయటి దిక్కుకు తిప్పి పెట్టేది. తల తిరుగుతూ దిగిన మనిషి వెనక్కి మళ్లకుండా అలాగే కాళ్లు దూర్చి నడిచిపోవచ్చు. ఎందుకీ చాకిరీ అంటే, "పోయేటోళ్లకు అల్కగ ఉంటది," అనేది, అంటే సులువుగా అని. చెప్పులు ముట్టుకుంటుందని ఆమెను తక్కువగా చూసినవాళ్లూ ఉన్నారు. ఆమె వాళ్ల చెప్పులను కూడా అలాగే తిప్పి పెట్టేది.

మా రాణికి అప్పుడు బడికి పోవడం మొదలుపెట్టిన వయసు. చిన్నపిల్లలను డబ్బాలోకి ఎక్కనిచ్చేది కాదు. దాంతో రాణి షెడ్డు బయట నిలబడి ఆమె చెప్పేదంతా విని విని కంఠతా పట్టింది. ఇంట్లో పీటలు వరసగా వేసి, నన్నూ వాళ్ల నాన్ననూ కూర్చోబెట్టి, "ఘాటెక్కుతున్నం" అనేది. ఒకసారి ఆమెనే పట్టుకొని, "అక్కా, నీ బస్సుకు టైర్లేవి?" అని అడిగింది. ఆమె ఆ నల్ల రబ్బరు తెర చూపించి, "కిందున్నయి బిడ్డా. దుమ్ము పడ్తదని గౌను కప్పిన," అన్నది. అందరం నవ్వాం. పిల్ల నవ్వలేదు, ఆ గౌను దిక్కే చూసింది.

ఒక ఆదివారం కోహీర్ నుంచి మా ఆడబిడ్డ వచ్చింది. డబ్బా ఎక్కుతానంటే నేనూ వెంట ఎక్కాను. రాణిని వాళ్ల నాన్న దగ్గర, మక్కకంకుల బండి దగ్గర వదిలాం. అదే మామూలు.

రైలు గేటు దాటాం. ఘాటు మొదలైంది. డబ్బా ముక్కు ఆకాశానికి ఎత్తి ఉండగా కరెంటు పోయింది. కరెంటు పోవడం మాకు కొత్త కాదు గాని, వెల్లకిలా పడుకున్నట్టు, చీకట్లో, తలుపు మూసి ఉన్న డబ్బాలో ఉండిపోవడం కొత్త. ఫ్యాను ఆగింది. ఎవరో తలుపు గుద్దడం మొదలుపెట్టారు. మా ఆడబిడ్డ నా మోచెయ్యి గోళ్లతో పట్టుకుంది. నాకు ఊపిరి సగమే అందుతోంది. ఆ రోజు నుంచి ఇప్పటికీ నేను లిఫ్టు ఎక్కను. ఎన్ని అంతస్తులైనా మెట్లే.

అప్పుడు బయట నుంచి డబ్బా గోడ మీద అరచేత్తో చరిచిన చప్పుడు, ఆమె గొంతు. మైకు లేదు, ఉత్త గొంతు. "రైలు గేటు పడ్డది. ఎవ్వరు లేవకున్రి. గూడ్సు పోతున్నది, పొడుగున్నది." చీకట్లో ఒకరిద్దరు నవ్వారు. గుద్దడం ఆగింది. ఆమె మాట్లాడుతూనే ఉంది. నీలం చీర చెల్లెను ముందుకు వంగి కూర్చోమన్నది, తాతను నోటితో గాలి పీల్చమన్నది. ఎక్కించేటప్పుడు ఎవరెక్కడ కూర్చున్నారో అన్నీ చూసి పెట్టుకుంది. ఆ మాటల మధ్యే ఇనప కడ్డీ ఏదో తిప్పుతున్న కిర్రు చప్పుడు. కాసేపటికి తలుపు తెరుచుకుని వెలుతురు పడింది.

ఒక్కొక్కరినీ చెయ్యి పట్టి దించింది. కింద చెప్పులు వరసలో ముక్కులు బయటికి పెట్టుకుని ఉన్నాయి. అందరం కాళ్లు దూర్చి గాలి కోసం పరుగెత్తాం. మా ఆడబిడ్డ షెడ్డు బయట నీళ్ల టాంకు దగ్గర కక్కుకుంటుంటే నేను వీపు నిమురుతూ నిలబడ్డాను. రాణి వాళ్ల నాన్న దగ్గరుంది కదా అని ఆ వైపు చూడను కూడా లేదు. ఆయనేమో, డబ్బా తలుపు తెరవగానే పిల్ల నా దగ్గరికి ఉరికిందనుకుని నింపాదిగా మాకు కూడా కంకులు కాల్పిస్తున్నాడట.

ఇంతలో జనరేటరు మొదలైంది. ఆ డబ్బాకు ఒక గుణం ఉంది. ఆగి మళ్లీ మొదలైనప్పుడు, అది ముందు కిందికి కూర్చుంటుంది. ఆ బరువంతా దభీమని నేల మీదికి దిగి, తరవాతే లేస్తుంది. అది రోజూ చూసేదే. లైనులో ఉన్నవాళ్లు తొందర పెడుతున్నారు, సేటు పచ్చబటను నొక్కడానికి వచ్చాడు. ఆమె పోయి ఆ బటన్ల పెట్టెకు వీపు ఆనించి నిలబడింది.

"ఒద్దు సేటు. ఇంకొకరున్నరు."

అందరూ దిగారు కదా అన్నాడు సేటు. ఆమె చెయ్యి చూపించింది. వరస చివర ఒక చిన్న చెప్పుల జత మిగిలి ఉంది. సేటుకు చిరాకెత్తింది. ఏ పిల్లో మరిచిపోయి పోయి ఉంటుంది, పైగా నువ్వు పిల్లలనే ఎక్కించవు కదా, డబ్బాలో పిల్ల ఎలా ఉంటుంది అని అరిచాడు. న్యాయమైన ప్రశ్నే. లైనులో జనం కూడా సేటు దిక్కే మాట్లాడారు. నిజం చెప్పాలంటే నాకూ ఒళ్లు మండింది. ఇప్పుడే చావు తప్పి బయటపడ్డాం, ఈమె చెప్పుల పంచాయితీ ఏమిటి అనుకున్నాను.

"డబ్బాల లేరు," అన్నది ఆమె. "ఈ చెప్పులు నేను పెట్టినయి గావు సేటు. నేను పెడితే ముక్కు బయటి దిక్కు ఉంటది. ఈటి ముక్కు డబ్బ దిక్కున్నది. ఎవరో నేను చూడకుండ డబ్బ కిందికి పోయిన్రు, మల్ల రాలె."

సేటు పక్కకు జరగమన్నాడు. ఆమె జరగలేదు. ఉద్యోగం నుంచి తీసేస్తానన్నాడు. తీసెయ్యి, పిల్ల దొరికినంక తీసెయ్యి అన్నది. సేటు ఆమె రెక్క పట్టుకుని లాగబోయాడు. అప్పుడామె వంగి ఆ చెప్పు ఒకటి అందుకుని, చెయ్యి పైకెత్తి, మాకందరికీ కనబడేలా పట్టుకుంది.

"ఈ పిన్నీసు చెప్పు ఎవరి బిడ్డది?"

నీలం రబ్బరు చెప్పు. వారు ఊడితే కింద పిన్నీసు గుచ్చి ఉంది. ఆ పిన్నీసు పొద్దున నేనే గుచ్చాను. దర్జీదాని బిడ్డ చెప్పుకు కూడా పిన్నీసే అని ఇంట్లో నవ్వుకున్నాం కూడా.

నాది అన్నాననుకుంటాను. మా ఆయన కంకులు పట్టుకుని వస్తూ కనబడ్డాడు, పక్కన పిల్ల లేదు. ఆయన నా పక్కన చూస్తున్నాడు, నేను ఆయన పక్కన చూస్తున్నాను. సేటు చెయ్యి ఆమె రెక్క మీద నుంచి తనంతట తనే కిందికి జారింది.

నేను రాణీ అని అరిచాను. డబ్బా కింద నుంచి జవాబు లేదు. మళ్లీ అరిచాను. మా ఆయన నల్ల తెర ఎత్తి దూరబోయాడు, మనిషి పట్టేంత సందు లేదు. లోపల చీకటి, నూనె వాసన. అంత బరువూ ఎత్తి పట్టుకున్న ఇనప కాళ్లు సన్నగా బుస్సుమంటున్నాయి. డబ్బా ఒక్కసారి మూలిగి జానెడు కిందికి దిగింది. నేనింకా అరుస్తుంటే ఆమె నా నోరు మూసింది.

"నువ్వు అరిస్తె కొడ్తవని రాదు," అన్నది మెల్లగా.

నేల మీద బోర్లా పడుకుని, తెర కింద మొహం పెట్టి, రోజూ మైకులో చెప్పే గొంతుతో, ఏమీ కానట్టు చెప్పింది. "వచ్చింది బీదర్. దిగేటోళ్లు దిగున్రి. చెప్పులు చూస్కోన్రి."

తరవాత లోపల నుంచి చిన్న గొంతు. "దిగాల్నా అక్కా?"

"దిగాలె బిడ్డా. లాస్టు స్టేజీ. పాక్కుంట రా, తలకాయ ఎత్తకు."

నూనె మరకలతో రెండు చేతులు బయటికి వచ్చాయి. ఆమె వాటిని పట్టుకుని లాగింది. పిల్ల బయటపడగానే నేను చెంప మీద ఒకటి కొట్టి, వెంటనే గుండెకు హత్తుకున్నాను. పిల్ల దొరికింది కదా అని ఎవరో బటను నొక్కారు. డబ్బా దభీమని కూర్చుంది. మట్టి లేచి మా మొహాల మీద పడింది.

రాణి నా భుజం మీద నుంచి ఆమె దిక్కు చూసి, అలిగిన గొంతుతో, "అక్కా, నీ బస్సుకు టైర్లు లెవ్వు," అన్నది.

నాకు గుర్తున్న ఆమె మొహం అదే. అప్పటిదాకా సేటు ముందు గట్టిగా నిలబడ్డ మొహం ఆ ఒక్క మాటకు పాలిపోయింది.

తరవాత ఆమె మైకు ముట్టుకోలేదు. చెప్పులు తిప్పి పెట్టేది, ఇంట్లో చెప్పొచ్చారా అని అడిగేది, అంతే. "ఇది మిషను. కిందికి ఎవ్వరు పోవద్దు," అని మాత్రం ప్రతివాళ్లకూ చెప్పేది. బీదర్ బస్సు నడపమని జనం బతిమిలాడారు, సేటు కూడా బతిమిలాడాడు. పరాయి గొంతు మళ్లీ మొదలైంది. జనం తగ్గారు. డబ్బా ఒక్కదాని వల్లే అనను గాని, కొన్నేళ్లకు పార్కు మూతపడింది. డబ్బాను పాత ఇనుము కింద లారీలో వేసుకుపోయారు.

ఆ తరవాత ఆమెను ఒక్కసారే చూశాను. మిషను సామాను కోసం బీదర్ పోతుంటే, బస్సులో ముందు సీట్లో, కళ్లు మూసుకుని, నిమ్మకాయ ముక్కు దగ్గర పెట్టుకుని కూర్చుంది. కంటి ఆపరేషను కోసం బయలుదేరిందట. బీదర్ పోవడం అదే మొదటిసారి అన్నది. నాకు నవ్వాగలేదు. ఊరందరినీ రోజూ బీదర్ తీసుకుపోయిన మనిషి. ఆమె కూడా నవ్వి, వెంటనే ఆపేసి, పిల్ల ఎలా ఉందని అడిగింది. బస్సెక్కుతదా, భయపడ్తదా, రాత్రి కలవరిస్తదా. బాగుంది, హైదరాబాదులో చదువుతోంది, నువ్వు కాపాడిన పిల్లే కదా అన్నాను.

"కాపాడిననంటవు," అన్నది కళ్లు తెరవకుండానే. "కిందికి పంపింది గూడ నేనే గదమ్మ. కిందున్నయి బిడ్డా అని చెప్పిన. పిల్లలు నమ్ముతరు."

ఆమె చెయ్యి పట్టుకున్నాను, అంతే. బస్సు ఎత్తు ఎక్కుతుంటే ఆమె ఒక కన్ను తెరిచి కిటికీలోంచి చూసి, ఘాటు ఇదేనా, ఇంతేనా అని అడిగింది. ఇంతే అన్నాను. మనదే మంచిగ ఉండె అన్నది.

మొన్న మట్టికి నేనూ రాణీ పోయాం. రాణి ఇప్పుడు సంగారెడ్డిలో ఉద్యోగం చేస్తోంది, ఆదివారమని ఇంట్లోనే ఉంది. డబ్బా కింది సంగతి దానికి గుర్తుందో లేదో నేనెప్పుడూ అడగలేదు. డ్రైవరక్క పోయిందంటే మాత్రం, మారు మాట్లాడకుండా చున్నీ వేసుకుని బయలుదేరింది.

చిన్న ఇల్లు, లోపల పాస్టరు ప్రార్థన చేస్తున్నాడు, జనం వాకిలి దాకా ఉన్నారు. గడప బయట చెప్పులు కుప్పగా ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. నేను లోపలికి పోయి ఆమె మొహం చూసి వచ్చేసరికి రాణి ఆ చెప్పుల ముందు గొంతుక్కూర్చుని ఉంది. ఒక్కో జతా వెతికి, వరసలో పెట్టి, ముక్కు బయటికి తిప్పుతోంది. ఉద్యోగం చేసే పిల్ల అందరి చెప్పులూ ముడుతోందేమిటని ఎవరో పెద్దమనిషి అడిగాడు.

"పోయేటోళ్లకు అల్కగ ఉంటది," అన్నది అది, తల ఎత్తకుండా.

పెట్టె లేచింది. జనమంతా ఏడుస్తూ, నెట్టుకుంటూ బయటికి వచ్చారు, వచ్చినవాళ్లు వచ్చినట్టే చెప్పుల్లో కాళ్లు పెట్టి పెట్టె వెనక నడిచారు. వాకిలి ఖాళీ అయింది. గోడ వారగా ఒక జత మిగిలింది. పాత తోలు చెప్పులు, మడమల దగ్గర అరిగి ఉన్నాయి. ముక్కు ఇంటి దిక్కున్నది.

రాణి మొహం ఒక్కసారిగా మారింది. గడపలో నిలబడి, ఖాళీ ఇంట్లోకి చూస్తూ, "లోపల ఇంకెవరన్న ఉన్నరా?" అని గట్టిగా అడిగింది.

డ్రైవరక్క చెల్లెలు, నడవలేని ముసలమ్మ, మూల మంచం మీద నుంచి జవాబు చెప్పింది. "ఎవ్వరు లేరు బిడ్డా. అవి మా అక్కయే. దవాఖాన నుంచి వచ్చి ఇడిసింది."

రాణి గడప దిగి వచ్చింది. తరవాత వంగి, ఆ జతను కూడా బయటి దిక్కుకు తిప్పి పెట్టింది.